ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా, ఒక మట్టిరంగు చేప కోసం

గౌలిగూడలో మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన ఒక గాజుతొట్టి ఉంది. నేను పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికే అది అక్కడ ఉంది. మా మామ గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. పనిచేసినన్నాళ్లూ ఆదివారం వస్తే ఆబిడ్స్, నాంపల్లి తిరిగి గోల్డ్‌ఫిష్‌లను చూసి రావడం ఆయన అలవాటు. కొనేది ఎప్పుడో ఒకసారి, చూసేది ప్రతి వారం. ఇప్పుడు ఆ తొట్టిలో ఒకే ఒక్క ముసలి చేప మిగిలింది. దాన్ని లయన్‌హెడ్ అంటారు. వీపు మీద రెక్క ఉండదు, తల మీద మెత్తని కండ పూలగుత్తిలా పెరుగుతుంది. ఒకప్పుడు ఎరుపు, తెలుపు కలిసి ఉండేదట, వయసు మీదపడి పూర్తిగా తెల్లబడింది. మామ కళ్లు కూడా షుగర్ వల్ల మసకబారాయి. ఎదురుగా మనిషి నిలబడితే చీర రంగు తెలుస్తుంది గాని ముఖం తెలియదు. ఇంతకంటే బాగుపడవని దవాఖానలో చెప్పేశారు.

ఆ ముసలి చేపకు తోడుగా మా ఆయన రెండుసార్లు చేపలు తెచ్చాడు. మొదటిది వారం తిరక్కుండానే పోయింది. రెండోది గుండ్రంగా, బంగారంలా మెరుస్తూ వచ్చింది. రోజురోజుకూ దాని పొట్ట పెరుగుతుంటే కడుపుతో ఉందనుకున్నాను, మామతోనూ అదే అన్నాను. మా ఊళ్లో చూడి బర్రెకు పెట్టినట్టు దానికి మేత ఇంకో చిటికెడు ఎక్కువ వేశాను. ఒకరోజు మామ దాని పొలుసులు ఎట్లా ఉన్నాయని అడిగారు.

"సీతాఫలం కండ్లు విచ్చినట్టున్నయి మామా," అన్నాను.

ఆయన తొట్టి వైపు తల తిప్పారు. తర్వాత, "చేపకు కడుపేంది బిడ్డా, అది గుడ్లు పెట్టేది. గది నీరు పట్టిన రోగం. ఇగ బతకది," అన్నారు. అలాగే అయింది. ఆ సాయంత్రం మా ఆయనకు విసుగొచ్చింది.

"నాయినా, ఇగ చాలు. నీకు కనవడది, మాకు తెల్వది. ఇంకొక్కటి తెచ్చుకోండ్రి, నేను వద్దన. గది గూడ పోతే తొట్టి తీసేస్త. ముసలిదాన్ని ఎవరికన్న ఇచ్చేద్దాం. రేపు పిల్లలు పుడితే జాగ గావాలె గద?"

పిల్లల మాట వినగానే నేను వంటింట్లోకి పోయాను. కొంచెం సేపటికి మామ గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. "ఆదివారం నాతోని వస్తవా బిడ్డా? నా కండ్లు పోయినయి గని, నీ కండ్లున్నయి గద," అన్నారు. కిరాణా దుకాణంలో ఉప్పు అడగాలన్నా నాకు గొంతు పెగలదు. అయినా "ఔ మామా," అన్నాను. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన ఏం చెయ్యమన్నా నేను చెప్పింది ఆ ఒక్క మాటే.

ఆ వారమంతా నాకు పాఠాలు. ముసలి చేపను తెల్ల ఎనామిల్ బేసిన్‌లోకి మెల్లగా దింపించి, పక్కన కుర్చీలో కూర్చుని మామ అడిగేవారు, నేను చూసి చెప్పేదాన్ని. మొదటి రోజు నేను అలవాటుగా బేసిన్ పక్కన నేల మీద కూర్చుని చూస్తుంటే ఆయనకు గాజుల చప్పుడు కిందినుంచి వినపడింది.

"కింద కూసున్నవా? లేచి నిలవడు. ముగ్గును గోడకు ఆనించి చూస్తవా నువ్వు?"

"లేదు మామా."

"మీదికెళ్లి వంగి చూస్తవు గద. ఏడ వంకర పోయిందో అప్పుడే తెలుస్తది. గిది గూడ గంతే. అద్దంల నుంచి చూస్తే అన్ని చేపలు పెండ్లికూతుండ్లే."

అప్పుడు నాకు దారి దొరికింది. పైనుంచి చూస్తే తల నుంచి తోక మొదలు దాకా వెన్ను నిటారుగా ఉందా లేదా తెలుస్తుంది. తోక మొదలు లావుగా ఉండాలి, సన్నగా ఉంటే ఆ చేప నాలుగు రోజులకే అలిసిపోతుందట. తోక రెండు పాయలై రెండు వైపులా ఒకే తీరుగా పరుచుకోవాలి. ఆ తర్వాతే పక్కనుంచి చూడాలి. లయన్‌హెడ్ వీపు కొడవలి వెనుక భాగంలా నున్నగా వంగి ఉండాలి, మధ్యలో ఎక్కడా గుబ్బ ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఈదుతూ ఈదుతూ ఆగినప్పుడు చేప ఎట్లా నిలబడుతుందో చూడాలి. ముక్కు కిందికి వంచినా, పక్కకు ఒరిగినా లోపల ఏదో తేడా ఉన్నట్టు. రంగు గురించి అడిగితే మామ చెయ్యి ఊపేశారు. "రంగు ఇయ్యాలుంటది, రేపు పోతది. ఎముక మారదు."

ఈ మాట వింటే మా నాన్న గుర్తొచ్చాడు. మాది దుబ్బాక వైపు పల్లె. చిన్నప్పుడు నాన్న అంగడికి పోతే నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఎద్దుల ముందు అందరూ గుంపుగా నిలబడి కొమ్ములు, గంటలు చూస్తుంటే నాన్న వెనక్కి పోయి నిలబడేవాడు. "ముంగటికెళ్లి చూసేటోడు కొమ్ములు కొంటడు, ఎనుకకెళ్లి చూసేటోడు నడక కొంటడు" అనేవాడు. ఎద్దును నాలుగు అడుగులు నడిపించి, ఆపి, ఆగినప్పుడు ఏ కాలు మీద బరువు వేస్తుందో చూసేవాడు. చేపకు కాళ్లు లేవు గాని, చూపు మాత్రం అదే.

ఆదివారం తొమ్మిదింటికి బయలుదేరాం. గౌలిగూడ నుంచి ఆబిడ్స్‌కు ఆటో డెబ్బై రూపాయలు. దూరం నుంచి వచ్చేవాళ్లు మెట్రోలో నాంపల్లి స్టేషన్‌లో దిగితే ఆబిడ్స్‌కు పావుగంట నడక. కాని మా మామ లెక్క ప్రకారం ముందు ఆబిడ్స్ చూసుకుని నాంపల్లిలో ముగించాలి, అప్పుడు చేప చేతిలో పట్టుకుని ఎక్కువ తిరగాల్సిన పని ఉండదు. ఆటో ఆయన మా చేతిలోని ఎనామిల్ బేసిన్‌ను చూసి ఎక్కడికని అడిగాడు. చేపలకని మామ చెప్పారు.

"కూరకా అంకుల్, సాదుకోనికా?"

"సాదుకోనికే."

"అయితే మా ఇంటి దిక్కు రాకుండ్రి. మా అత్త చింతపండు నానేసుకుని కూసుంటది."

మామ ఎంత నవ్వారంటే దిగిన తర్వాత కూడా ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు చాలావరకు మూసి ఉంటాయి, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పదింటిలోపు వెళితే ఎండ, జనం రెండూ తక్కువ. నా సంచికి రెండు పట్టీలు. ఒకటి నేను పట్టుకున్నాను, రెండోది మామ పట్టుకున్నారు. అట్లా నడుస్తుంటే ఆయన నన్ను నడిపిస్తున్నారో, నేను ఆయన్ను నడిపిస్తున్నానో తెలియలేదు. మలుపులన్నీ ఆయనకే తెలుసు.

"గీడ గడియారాల దుకాణమున్నది గద?"

"ఇప్పుడు చెప్పులది మామా."

"గా మూలకు రేడియోలు బాగు చేసేటోడు?"

"ఫోన్ల కవర్లు అమ్ముతున్నరు."

"మంచిదే. ఖాళీగ లేదు గద," అన్నారు. కొంచెం దూరం పోయాక ఆగి, గాలి పీల్చి, "బిస్కెట్లు కాలుతున్నయి. హోటల్ ఉన్నది," అన్నారు. నిజంగానే ఉంది. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలయింది. లోపల అంతా మగవాళ్లే. ఆడవాళ్లు మొహమాటపడకండి, లోపలి వైపు కుటుంబాలు కూర్చునే బల్లలు ఉంటాయి. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. మామ సాసర్లో చాయ్ పోసుకుని తన రోజుల సంగతి చెప్పారు. అప్పట్లో చేపను ప్లాస్టిక్ కవర్లో ఇచ్చేవాళ్లు కాదట, గాజు సీసా మనమే తీసుకుపోవాలట. ఒక చలికాలం సాయంత్రం నీళ్లు చల్లబడతాయని సీసాను స్వెటర్ లోపల పెట్టుకుని, పొట్ట పట్టుకుని వంగి నడుచుకుంటూ ఇంటికి వచ్చారట. చనిపోయిన మా అత్త అప్పుడు కొత్త కోడలు. ఆయనకు కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు కాచి పెట్టిందట. "స్వెటర్ విప్పినంక చేపను చూసి, కడుపు నొచ్చెదాక నవ్వి, గా వాము నీళ్లు తనే తాగింది," అన్నారు మామ. సాసర్ ఖాళీ అయినా కాసేపు అట్లాగే పట్టుకుని కూర్చున్నారు.

ఆబిడ్స్ సందులో మొదటి దుకాణం అద్దాల మేడలా ఉంది. నీలం దీపాలు, బుడగలు, లోపల ఏది చూసినా మెరుపే. చిన్న గోల్డ్‌ఫిష్ జత నూటయాభై, లయన్‌హెడ్ అయితే ఒక్కటే ఆరు వందల నుంచి. ఒకదాన్ని బేసిన్‌లో వేసి చూపించమని మామ అడిగారు. దుకాణం అబ్బాయి నవ్వాడు.

"గిన్నెల ఏసి చూసుడేంది అంకుల్? కూరగాయలా? అద్దంల నుంచి మంచిగ కనవడుతలేదా?"

"గందుకే బేటా, మస్తు మంచిగ కనవడుతున్నయి," అని మామ బయటికి నడిచారు.

అక్కడి నుంచి నాంపల్లి వైపు నడక. ఎండ ఎక్కుతోంది, గొడుగు ఉంటే మంచిది. రైలు స్టేషన్ అనౌన్స్‌మెంట్లు వినపడే దూరంలో, ఒక ఇరుకు సందులో, రేకుల షెడ్డు కింద సిమెంటు తొట్లు పెట్టుకుని ఒకావిడ చేపలు అమ్ముతోంది. అందరూ యాదమ్మక్క అంటున్నారు. మామ బేసిన్ అనగానే ఆమె మా చేతిలోది చూసింది.

"పాత షౌకీనే వచ్చిన్రు, చేపల పిచ్చి ఉన్నోళ్లు. గిన్నె తోటి వచ్చేటోళ్లు ఇప్పుడు ఎవరున్నరు? రాండ్రి, నీడకు రాండ్రి."

మామ లయన్‌హెడ్ కావాలన్నారు. ఆమె జల్లెడతో ఒకదాన్ని పట్టి మా బేసిన్‌లోకి వదిలింది. ఎరుపు, తెలుపు కలిసిన చేప. కుంకుమ, ముగ్గుపిండి పక్కపక్కన పోసినట్టుంది. మామ వంగారు. ఆయనకు రూపం తెలియదు, రంగు తెలుస్తుంది. ఆ ఎరుపు నీళ్లలో ఎటు తిరిగితే ఆయన ముఖం అటు తిరుగుతోంది. రెండు చేతులూ బేసిన్ అంచు మీద పెట్టుకున్నారు.

"బిడ్డా, మా ముసల్ది వయసుల ఉన్నప్పుడు అచ్చం గిట్లనే ఉండె. గిదే. గిదే గద? మంచిగుంది గద?"

నేను నిలబడి పైనుంచి చూశాను. తోక ఎడమ పాయ పూర్తిగా విచ్చుకుంది, కుడి పాయ చివర ముడుచుకుని ఉంది. అది చిన్న సంగతేమో అనుకుని ఆగాను. చేప ఒక చుట్టు తిరిగి ఆగింది. ఆగగానే మెల్లగా, చాలా మెల్లగా, ముక్కు కిందికి వంచింది. మళ్లీ తోక కొట్టుకుని సర్దుకుంది. మళ్లీ ఆగింది, మళ్లీ వంచింది.

నోటి దాకా "ఔ మామా" వచ్చింది. అది అన్నిటికంటే తేలిక. చేప చూడముచ్చటగా ఉంది, ఆయన ముఖం అంత వెలిగి నేనెప్పుడూ చూడలేదు. కాని ఈ చేప కూడా పోతే ముందుగదిలో కిటికీ పక్కన ఏమీ మిగలదు. కొంగు వేళ్లకు చుట్టుకుంటూ నిలబడ్డాను.

"కాదు మామా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. యాదమ్మక్క నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏమ్మా, మామ ముచ్చటపడ్డదాన్ని కాదంటున్నవు? కోడండ్లు అన్నిటికీ అడ్డమేనా?" అంది, నవ్వుతూనే.

మామ మాత్రం నవ్వలేదు. "ఎందుకు కాదో చెప్పు," అన్నారు.

"తోక కుడిపక్క ముడుసుకున్నది మామా. ఆగినప్పుడు ముక్కు కిందికి పోతున్నది."

"ఒక్కపారేనా?"

"ఆగినప్పుడల్లా."

ఆయన చేతులు బేసిన్ అంచు మీదనుంచి తీసేశారు. యాదమ్మక్క కూడా వంగి చూసి, ఆ చేపను తిరిగి తొట్టిలో వేసింది. "మరి ఏది ఔ?" అన్నారు మామ.

ఇంకో మూడు నాలుగు చూశాను. ఒకదానికి వీపు మీద గుబ్బ, ఒకదానికి తోక మొదలు సన్నం. అప్పుడు షెడ్డు మూల నీడలో ఒక చిన్న తొట్టి కనపడింది. అందులో చెరువు మట్టి రంగులో పిల్ల చేపలు. అవీ లయన్‌హెడ్ పిల్లలేనని, ఇంకా రంగు తిరగలేదని, ఎవరూ అడగరని యాదమ్మక్క చెప్పింది. ఒకటి మాత్రం మిగతావాటి మధ్యలోంచి నిదానంగా, మా ఊరి ఎద్దు బండి బాటలో నడిచినట్టు నడుస్తోంది. నాకు అది నడకలాగే కనపడింది. బేసిన్‌లో వేయించాను. వెన్ను నిటారు, తోక రెండు పాయలు ఒకే తీరు, వీపు కొడవలి. ఆగింది. నీటి మీద పీట వేసినట్టు సమంగా నిలబడింది.

మామ వంగి చూశారు. ఆయనకు తెల్ల బేసిన్‌లో ఒక మసక తప్ప ఏమీ కనపడలేదు. "ఉన్నదా లోపల?" అని అడిగారు. ఉందన్నాను. "రంగు?" అన్నారు. "మట్టి రంగు మామా," అన్నాను. ఆయన తల ఊపారు.

ఇక బేరం నేనే చెయ్యాలన్నారు మామ. చుట్టూ నలుగురు మగవాళ్లు, నాకు ధర నోటితో అనడం చేతకాలేదు. మీది ఏ ఊరని యాదమ్మక్క అడిగింది, చెప్పాను. ఆమెది జోగిపేట వైపట. "అంగడి తెలిసినదానివే. ఇటు పట్టు చెయ్యి," అని తన కొంగు నా చేతి మీద కప్పింది. అంగట్లో తువ్వాల కింద చేతులు పట్టుకుని, వేళ్లు నొక్కి బేరం చేస్తారు. పక్కన నిలబడినవాళ్లకు కూడా ధర తెలియదు. ఆమె వేళ్లు నొక్కింది, నేను తగ్గించి నొక్కాను. ఆమె "అమ్మో, మాట రాదు గని గోర్లున్నయి నీకు!" అంది. తెగింది. ఎంతకు తెగిందో చెప్పమని మామ ఇంటి దాకా అడిగారు. తువ్వాల కింద బేరం బయట చెప్పకూడదు, అందుకే మీకూ చెప్పడం లేదు. పెద్ద రంగుచేప ధరలో సగం కూడా కాదని మాత్రం అనుకోండి.

తిరుగు ఆటోలో కవరు నా ఒళ్లో ఉంది. మామ రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన మనసు కష్టపెట్టానేమోనని నాకు దిగులు. పుత్లీబౌలి దాటాక అన్నారు: "కండ్లు మసకబారినప్పటి సంది ఇంట్ల అందరు నాకు మంచిగుంది, మంచిగుంది అనే చెప్తున్నరు. కూర మంచిగుంది, అంగీ మంచిగుంది. నాకు జర డౌటే ఉండె. ఇగ నీకైతే ఫికర్ లేకుండ అడగొచ్చు."

ఇంట్లో మా ఆయన కవరును వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఏంది నాయినా, నాంపల్లికి పోయిన్రా, కుంటల గాలమేసిన్రా?" అన్నాడు. కొత్త చేపను కొన్నాళ్లు వేరే టబ్బులో, పట్టిన నీళ్లను ఒకరోజు నిలవ ఉంచి, కాస్త గల్లుప్పు వేసి ఉంచాలి. అట్లా చేసి, తర్వాతే ముసలిదాని పక్కన వదిలాం.

అప్పటి నుంచి ప్రతి పొద్దున మామ అడిగేవారు. "ఇయ్యాల ఎట్లున్నది?" "తింటున్నది మామా." "రంగు?" "మట్టి రంగే." నెలలు అదే మాట. ఒక దశలో పొట్ట కింద పసుపు రాసినట్టు అనిపించింది గాని, నిజమో, కిటికీ ఎండో తెలియక నేను చెప్పలేదు. తర్వాత మా చెల్లె పురుడని ఊరికి పోయి కొన్నాళ్లు ఉండి వచ్చాను. వచ్చిన మర్నాడు రొట్టెల పిండి కలుపుతుంటే ముందుగదిలోంచి మామ పిలిచారు. నేను వెళ్లేసరికి కుర్చీలోంచి ముందుకు వంగి, తొట్టి వైపు వేలు చూపిస్తున్నారు.

"బిడ్డా, తెల్లది గా మూలకున్నది. మరి గీ ఎర్రగ తిరిగేదేంది?"

ఆ వేలు చేప వెంటే కదులుతోంది. వీపు మీద ఇంకా కొంచెం మట్టి మిగిలింది గాని, కింద నుంచి పక్కల దాకా అంతా పండిన మిరపపండు రంగు.

"మన మట్టి చేపే మామా," అన్నాను.

ఆయన వేలు దించలేదు. "ఆగినప్పుడు ముక్కు వంచుతున్నదా?"

పిండి చేతులు వెనక్కి పెట్టుకుని, అది ఆగేదాకా ఆగి చూశాను. "లేదు మామా. సమంగ నిలవడ్డది."

తొట్టి తీసేస్తానన్న మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు స్టూలెక్కి పైనుంచి ఫోటోలు తీసి తన పనికాడి వాళ్లకు పంపుతున్నాడు. మామ ఆ తర్వాత ఆబిడ్స్ దాకా రాలేకపోయారు. మొన్న ఏదో పని మీద నేను ఒక్కదాన్నే అటు నడిచాను. సంచికి ఒక పట్టీ ఖాళీగా వేలాడుతుంటే గడియారాల దుకాణం, రేడియోల మూల అని నాలో నేను అనుకుంటూ నడిచాను. నేను ఎన్నడూ చూడని దుకాణాలవి, అయినా అవి లేని లోటు నాకు తెలిసింది. బిస్కెట్ల వాసన దగ్గర కాళ్లు వాటంతట అవే ఆగాయి. ఇంటికి రాగానే మామ అడుగుతారు కదా అని ఏ మూల ఏముందో గుర్తు పెట్టుకున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి.

మీరూ చేపల కోసం ఆ వైపు వెళుతుంటే ఒక్క మాట. ఇంటి నుంచే ఒక తెల్ల బేసిన్ తీసుకుపోండి, ఎవరన్నా నవ్వితే నవ్వనివ్వండి. చేపను అందులో వేయించి పైనుంచి చూడండి. పక్కన మీకు ఇష్టమైనవాళ్లు ఎంత మురిసిపోతున్నా సరే, అది ఈదడం మాని ఆగేదాకా ఆగండి. ఔనో కాదో ఆ తర్వాత చెప్పండి.